విజ్ఞాన చంద్రికను వెలిగించిన లక్ష్మణరావు పంతులుగారు

మార్కాపురం పేరు చెప్పగానే తెలుగువారికి మొట్టమొదట స్ఫురించేది పలక. ఈ నేలలో పుట్టిన నల్లరాతి పలకపై అక్షరాలు దిద్దుకొన్న తరాలెన్నో లెక్కకు అందవు. ఒక పలకపై 'అ' మొదలు తెలుగు అక్షరాలు, మరొక పలకపై 'అలిఫ్' మొదలు ఉర్దూ అక్షరాలు దిద్దుకొని వచ్చిన బిడ్డలే నేడు మన కళాశాలలో పక్కపక్కన కూర్చుని చదువుకొంటున్నారు. పలకకు తరువాతి మెట్టు పుస్తకం. అయితే ఏ పుస్తకం? ఈ ప్రశ్నకు పలక సమాధానం చెప్పజాలదు.

ఈ సంవత్సరం మన కమిటీ పెద్దలు చుట్టుపట్ల పాఠశాలల గ్రంథాలయాలకు విజ్ఞానశాస్త్ర గ్రంథాలు ఎంపిక చేసి ఇవ్వాలని సంకల్పించి, ఆ పనిలో తోడ్పడవలసిందిగా మమ్ములను కోరారు. తెలుగు సాహిత్యం బోధించే మాకు భౌతిక రసాయన శాస్త్రాల పుస్తకాలతో పనియేమని మొదట సంశయించాము. ఆ సంశయాన్ని తీర్చినది ఒక మహనీయుని జీవితం. వారు కీర్తిశేషులు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. వారు శాస్త్రజ్ఞులు కారు, ప్రయోగశాలలో పనిచేసినవారూ కారు. అయినప్పటికీ తెలుగు విద్యార్థి చేతికి తెలుగులో శాస్త్రగ్రంథాన్ని అందించిన తొలి తరం మహాపురుషులలో అగ్రగణ్యులు. వారి చరిత్రను మన విద్యార్థులకు, కమిటీ పెద్దలకు సంగ్రహంగా విన్నవించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరం మే నెల 18వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోని పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రిని పోగొట్టుకొన్నారు. బాల్యంలో కొంతకాలం నైజాము రాజ్యంలోని భువనగిరిలో చదివారు. అనంతరం అక్కగారైన భండారు అచ్చమాంబగారి అండన నాగపూరు చేరారు. అచ్చమాంబగారి భర్త మాధవరావుగారు అక్కడ ఇంజనీరు ఉద్యోగంలో ఉండేవారు. ఆ కాలంలో ఆడపిల్లకు బడి లేదు. తమ్ముడు బడిలో నేర్చిన చదువును ఇంట కూర్చుని అక్క కూడా నేర్చుకొన్నదని చెప్పుకొంటారు. అట్లు నేర్చిన అక్షరాలతోనే ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించారు. 1902లో వెలువడిన ఆమె కథ 'ధన త్రయోదశి' తెలుగులో మొదటి కథానికయని నేడు పలువురు విమర్శకులు భావిస్తున్నారు. ఒక్క బాలుని కోసం కొన్న పుస్తకం ఇంట ఇద్దరిని విద్యావంతులను చేసింది. గ్రంథాలయ సూత్రం అంతా ఈ ఒక్క ఉదంతంలో ఇమిడి ఉన్నదని మాకు తోస్తుంది.

నాగపూరులో లక్ష్మణరావుగారు పట్టభద్రులై, ఆపైన ఎం.ఏ. పరీక్షలో కూడా ఉత్తీర్ణులయ్యారు. తెలుగుతో పాటు మరాఠీ, సంస్కృతం, ఇంగ్లీషు క్షుణ్ణంగా అభ్యసించారు. మరాఠీ పత్రికలకు వ్యాసాలు వ్రాసేటంతటి ప్రావీణ్యం సంపాదించారు. మహారాష్ట్రులు చరిత్రను, శాస్త్రాన్ని, రాజనీతిని తమ భాషలో చదువుకొంటూ ఉండగా తెలుగు విద్యార్థికి కావ్యాలు, పురాణాలు, శతకాలు మాత్రమే దొరకడం వారి హృదయాన్ని కలచివేసి ఉండాలి. వారి తదనంతర జీవితమంతా ఆ లోటును పూడ్చడానికి చేసిన ప్రయత్నమే.

విద్య ముగిసిన పిమ్మట వారు మునగాల సంస్థానంలో రాజా నాయని వేంకట రంగారావుగారి వద్ద దివానుగా ప్రవేశించారు. భూమిశిస్తులు, దావాలు, దస్తావేజులు ఆ ఉద్యోగపు నిత్యకృత్యాలు. వాటి నడుమనే వారు గ్రంథాలయాన్ని గురించి ఆలోచించారు. 1901వ సంవత్సరం సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. రావిచెట్టు రంగారావుగారు తమ గృహంలో దానికి చోటు కల్పించారు. రాజావారు, లక్ష్మణరావుగారు మున్నగు పెద్దలు దాని స్థాపనకు మూలస్తంభాలుగా నిలిచారు. ఉర్దూ రాజభాషగా వెలుగొందుతున్న నగరంలో తెలుగువారికి ఒక పఠనమందిరం ఏర్పడడం ఆనాడు చిన్న సంగతి కాదు. ఆ భాషానిలయం నేటికీ ఉన్నది.

గ్రంథాలయం ఏర్పడగానే మరొక సమస్య తలెత్తింది. బీరువాలు సిద్ధమైనవి. వాటిలో పెట్టదగిన తెలుగు పుస్తకాలేవీ? కావ్యాలు ఉన్నవి, నాటకాలు ఉన్నవి. కలరా ఎట్లు వ్యాపిస్తుందో, నీరు ఎందుకు ఆవిరియవుతుందో, మొక్క దేనిని తిని పెరుగుతుందో తెలియజేసే పుస్తకాలు వేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. ఎంపిక చేయడానికి పుస్తకాలు లేనిచోట లక్ష్మణరావుగారు పుస్తకాలను సృష్టించడానికే పూనుకొన్నారు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపితమైంది. కొలదికాలానికి అది మదరాసుకు తరలింది. గ్రంథమాల సంపాదక భారాన్ని లక్ష్మణరావుగారు స్వయంగా వహించారు.

ఈ మండలితో మన ప్రాంతానికి ఒక సంబంధం ఉన్నది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ ఒంగోలు జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. మండలి ప్రచురించిన మొదటి పుస్తకం అబ్రహాం లింకన్ చరిత్ర. దానిని 1907లో వ్రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. వారు కర్నూలులో జన్మించినవారు. అనగా ఆనాటి లెక్కలో మన జిల్లా వారే. మరుసటి ఏడే వారు పత్రికా రచన కారణంగా రాజద్రోహ నేరంపై కారాగారం పాలయ్యారు. విడుదలైన పిమ్మట తిరిగి లక్ష్మణరావుగారి పక్కన నిలిచి పనిచేశారు. ఎరవు తెచ్చుకొన్న పుస్తకాలతో చదువుకొని దేశాధ్యక్షుడైన పేదవాని చరిత్రతో గ్రంథమాల ప్రారంభం కావడం ఎంతో ఉచితంగా ఉన్నది.

చరిత్రలు, నవలలతో పాటు శాస్త్రగ్రంథాలు మండలి పక్షాన వరుసగా వెలువడినవి. వైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రం వ్రాశారు. మంత్రిప్రగడ సాంబశివరావుగారు పదార్థ విజ్ఞానశాస్త్రం వ్రాశారు. వేమూరి విశ్వనాథశర్మగారు రసాయనశాస్త్రం వ్రాశారు. కలరా వంటి వ్యాధులను గురించి కూడా చిన్న పుస్తకాలు వచ్చినవి. ఇక్కడ లక్ష్మణరావుగారి విజ్ఞతను గమనింపవలసి ఉన్నది. తమకు తెలియని శాస్త్రాన్ని తాము వ్రాయలేదు. ఎవరికి ఏ శాస్త్రం తెలుసునో వెదకి, వారిచేత వ్రాయించి, సాధారణ పాఠకుని పక్షాన తాము నిలిచారు. శాస్త్రం తెలిసినవాడు సత్యానికి జామీను. భాష తెలిసినవాడు సుబోధకతకు జామీను. ఈ ఇద్దరూ కలిసినప్పుడే విద్యార్థికి పనికివచ్చే పుస్తకం తయారవుతుంది. ఆ ఇద్దరూ కలిసినప్పుడే దానిని ఎంపిక చేయడం కూడా సాధ్యమవుతుంది.

ఉర్దూ విభాగపు విద్యార్థులు ఈ కథను పరాయి కథగా భావింపరాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఢిల్లీ కళాశాలలో మాస్టర్ రామచంద్ర మొదలైనవారు గణితాన్ని, శాస్త్రాలను ఉర్దూలో బోధించారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1864లో ఘాజీపూరులో సైంటిఫిక్ సొసైటీ స్థాపించి, పిదప దానిని అలీగఢ్‌కు తరలించి, ఇంగ్లీషు గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు. విజ్ఞాన చంద్రికా మండలి పుట్టిన పదకొండేండ్లకు, 1917లో, అదే హైదరాబాదు నగరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడింది. తెలుగువారు సంస్కృత ధాతువులతో పారిభాషిక పదాలు కల్పించుకొంటే, ఉర్దూ పండితులు అరబీ ఫారసీ ధాతువులతో కల్పించుకొన్నారు. బాటలు రెండైనా తల్లిభాషలో శాస్త్రం చదువుకోవాలన్న దాహం ఒక్కటే.

లక్ష్మణరావుగారు ప్రధానంగా చరిత్రకారులు. 'శివాజీ చరిత్ర'ను రచించిన చేతితోనే వారు 'హిందూదేశ కథాసంగ్రహము'లో ఒక భాగాన్ని మహమ్మదీయ మహాయుగానికి కేటాయించి వ్రాశారు. దేశచరిత్రలో ముస్లిం ప్రభువుల కాలాన్ని కూడా తెలుగు పాఠకుడు తెలుగులోనే చదువుకోవాలని వారు తలచారు. ఏ వర్గపు పాఠకుడైనా గ్రంథాలయపు గుమ్మం దాటి లోనికి వచ్చినప్పుడు తన ప్రపంచం కూడా అక్కడ ఉన్నదని గుర్తింపగలగాలి. శాస్త్రగ్రంథాల విషయంలోనూ ఈ మాట వర్తిస్తుంది.

వారి జీవితంలో అతి పెద్ద సంకల్పం ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. సమస్త విజ్ఞానాన్ని అకారాది క్రమంలో తెలుగులో నిక్షేపించాలన్నది వారి ఆశయం. మునగాల దివానుగిరీ బాధ్యతలను, మదరాసులోని సంపాదకత్వాన్ని ఏకకాలంలో మోస్తూ, నిపుణులను కూడగట్టి, తాము స్వయంగా అనేక వ్యాసాలు వ్రాసి, 1915లో మొదటి సంపుటాన్ని వెలువరించారు. తరువాత మరి రెండు సంపుటాలు వచ్చినవి. మూడు సంపుటాలు పూర్తియైనప్పటికి 'అ' అనే ఒక్క అక్షరం మాత్రమే గడిచింది. ఖర్చు పెరిగింది, ఆరోగ్యం తరిగింది, పని నిలిచిపోయింది. దానిని సంస్కరించి తిరిగి సాగించాలని తహతహలాడుతూనే 1923వ సంవత్సరం జూలై నెలలో మదరాసులో వారు కన్నుమూశారు. అప్పటికి వారి వయస్సు నలుబదియారు సంవత్సరాలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని తరువాత తలకెత్తుకొన్నారు. అయినను లక్ష్మణరావుగారు కలగన్న రూపంలో అది పూర్తికాలేదు.

ఇందు విషాదం ఉన్నది, పాఠమూ ఉన్నది. మహాసంపుటాలు అకారంతో ఆగిపోయినవి. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, కలరా వంటి చిన్న పుస్తకాలు మాత్రం పూర్తియై పాఠకుల చేతులలోనికి వెళ్లిపోయినవి. పండితలోకం లక్ష్మణరావుగారిని విజ్ఞాన సర్వస్వ నిర్మాతగా స్మరిస్తుంది. అది న్యాయమే. కాని బడిపిల్లవాని పక్షాన ఆలోచిస్తే వారు చేసిన మేలు ఆ చిన్న పుస్తకాలలోనే ఎక్కువగా ఉన్నదని మా అభిప్రాయం.

మరొక ముచ్చట. అక్కగారైన అచ్చమాంబగారు ముప్పది ఏండ్లు దాటీదాటకముందే 1905లో మరణించారు. మరుసటి సంవత్సరం జన్మించిన కుమార్తెకు లక్ష్మణరావుగారు ఆ పేరే పెట్టుకొన్నారు. బడికి నోచుకోని అచ్చమాంబ పేరు ధరించిన ఆ బాలిక పెరిగి డాక్టర్ కొమఱ్ఱాజు అచ్చమాంబగా ప్రఖ్యాతి గాంచారు. 1957లో విజయవాడ నుండి లోకసభకు కూడా ఎన్నికయ్యారు. ప్రసూతిని గురించి, శిశుపోషణను గురించి తెలుగు స్త్రీలకు అర్థమయ్యే గ్రంథం వ్రాశారు. తండ్రి నాటిన విత్తనం ఇంటనే ఫలించింది.

ఇక మా సంగతి. కొన్ని సంవత్సరాల క్రితం ఒక పాఠశాలకు పుస్తకాలు ఎంపిక చేసే బాధ్యత మాపై పడింది. చేతిలోనున్న సొమ్ములో అధికభాగం వెచ్చించి, రంగురంగుల బొమ్మలతో, బంగారు అక్షరాల అట్టలతో మెరిసే ఇంగ్లీషు విజ్ఞాన సంపుటాలు కొనిపించాము. మిగిలిన చిల్లరతో పలుచని తెలుగు పుస్తకాలు పది కొన్నాము. సంపుటాలను చూచి అందరూ మెచ్చుకొన్నారు. మేమూ గర్వించాము. రెండేండ్ల తరువాత అక్కడికి వెళ్లి, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకొనే రిజిస్టరు తిరగవేశాము. ఖరీదైన సంపుటాలకు ఎదురుగా ఒక్క సంతకం లేదు. పాడవుతాయన్న భయంతో వాటికి తాళం వేసి ఉంచారు. పాములను గురించిన ఒక చిన్న తెలుగు పుస్తకం మాత్రం అట్ట ఊడి, అంచులు నలిగి, దారంతో కుట్టబడి ఉన్నది. నల్లమల అంచున పొలాలకు వెళ్లే రైతుబిడ్డలకు ఏ పాము విషసర్పమో, కాటు పడితే ఏమి చేయాలో తెలుసుకోవడం అక్కర. ఆ అక్కరే పుస్తకాన్ని నడిపించింది. తాళం వేసినవారి తప్పు కొంత. తాళం వేయవలసినంత ఖరీదైన పుస్తకం కొన్న మా తప్పు అధికం. లక్ష్మణరావుగారి చరిత్రను ఆనాడే శ్రద్ధగా చదివి ఉంటే ఆ పొరపాటు జరిగి ఉండేది కాదు.

కనుక వారి జీవితం నుండి గ్రహించిన కొన్ని నియమాలను కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము. మండలి పుస్తకాలను యథాతథంగా కొనుమని మేము అనడం లేదు. వాటి భాష చాలవరకు గ్రాంథికం. వాటిలోని శాస్త్రం నూరేండ్లు పాతది. నేటి ఎనిమిదవ తరగతి విద్యార్థికి అవి కొరుకుడుపడవు. అనుసరింపదగినది వారి పద్ధతి.

మొదటిది భాష. పుస్తకాన్ని నడిమి పుటలో తెరచి ఒక విద్యార్థిచేత బిగ్గరగా చదివించాలి. చదివినదానిని తన మాటలలో చెప్పమనాలి. చెప్పగలిగితే ఆ పుస్తకం ఆ తరగతికి తగినది. రెండవది సత్యం. ఆ శాస్త్రం బోధించే ఉపాధ్యాయునికి చూపకుండా ఏ పుస్తకాన్నీ కొనరాదు. గ్రహాలు తొమ్మిదియని చెప్పే పుస్తకం 2006కు పూర్వపుది. అందులో ప్లూటోను గురించి ఒక చీటీ అంటించవలసి ఉంటుంది. మశూచిని నేటి వ్యాధిగా వర్ణించే పుస్తకం మరీ పాతది. ఆ వ్యాధి భూమిపై అంతరించిందని 1980లోనే ప్రపంచం ప్రకటించుకొన్నది.

మూడవది, మాకు అన్నిటికంటె ముఖ్యమైనది, ఈ నేలకు పనికివచ్చే విషయం. మన పశ్చిమ ప్రాంతపు బావులలో, బోర్లలో ఫ్లోరైడు ఉన్నది. 1937లోనే నెల్లూరు జిల్లా గ్రామాలలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించారు. పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. పళ్లపై గోధుమరంగు చారలు, వంగని కీళ్లు మన విద్యార్థులకు పుస్తకంలో చూడవలసిన వింతలు కావు. తాతల ఒంటిమీద చూచినవే. నీటిని కాచి త్రాగుమని మాత్రమే చెప్పే ఆరోగ్య పుస్తకం మనకు చాలదు. కాచినందువలన క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఇగిరినకొద్దీ అది మరింత చిక్కనవుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే నల్లగొండ పద్ధతి వంటి మార్గాలను వివరించే పుస్తకం ఎంత చిన్నదైనా ముందు కొనవలసినది. అట్లే మన పలకరాయి కోట్ల సంవత్సరాల నాటి బురద పొరలు ఒత్తిడికి లోనై గట్టిపడినందున ఏర్పడినది. దానిని కోసినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు శత్రువు. కంభం చెరువు కట్ట గుండ్లకమ్మ నీటి బరువును శతాబ్దాలుగా ఎట్లు మోస్తున్నదో చెప్పేది భౌతికశాస్త్రమే. ఇటువంటి ప్రశ్నలకు సమాధానం ఇచ్చే పుస్తకాన్ని పిల్లలు వెదకికొని వచ్చి చదువుతారు.

నాలుగవది వెల. ఒక పెద్ద సంపుటం ధరకు నలుబది చిన్న పుస్తకాలు వస్తాయి. ఒకే మంచి పుస్తకం మూడు ప్రతులు ఉంటే ముగ్గురు స్నేహితులు ఒకేసారి చదివి చర్చించుకొంటారు. 1957లో స్థాపితమైన నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలను తెలుగులోను, ఉర్దూలోను కూడా ప్రచురించింది. ఒకే పుస్తకం రెండు భాషలలో దొరికినప్పుడు రెండూ కొని పక్కపక్కన ఉంచితే మన రెండు విభాగాల పిల్లలకు మాట్లాడుకొనడానికి ఒక సమాన విషయం లభిస్తుంది. జనవిజ్ఞాన వేదిక వారి చిన్న పుస్తకాలు కూడా పరిశీలింపదగినవి. ఐదవది తాళం. బీరువాకు తాళం వేయవద్దు. చిరిగిన పుస్తకం సిగ్గుపడవలసిన వస్తువు కాదు. చిరగని పుస్తకాన్ని చూచియే కమిటీవారు చింతింపవలె.

సెల్‌ఫోనులో సర్వవిజ్ఞానం దొరుకుతున్న ఈ కాలంలో పుస్తకమెందుకని కొందరు విద్యార్థులు మమ్ములను అడుగుతారు. ఫోనులో దొరికేదానికి జామీను ఎవరో తెలియదు. లక్ష్మణరావుగారి గ్రంథమాలలోని ప్రతి పుస్తకానికి తెలిసిన రచయిత, బాధ్యత వహించిన సంపాదకుడు ఉన్నారు. ఆ బాధ్యతను స్వీకరించే మనిషి ఒకడు పుస్తకానికి, విద్యార్థికి మధ్య ఉండడమే గ్రంథాలయం యొక్క ప్రయోజనం.

విద్యార్థులారా! మహనీయుని విజ్ఞాన సర్వస్వం 'అ'తో ఆగినది. మీ పలకపై మీరు మొదట దిద్దినదీ ఆ అక్షరమే. తరువాతి అక్షరాలు ఆయన వ్రాయలేకపోయారు. మీలో ఒకరు రేపు మన ఊరి నీటిని గురించి, మన రాతిని గురించి తెలుగులోనో ఉర్దూలోనో నలుబది పుటల చిన్న పుస్తకం వ్రాసి, ఏదో ఒక బడి బీరువాలో చేర్చగలిగితే, ఆ పంతులుగారి పని ఒక అక్షరమైనా ముందుకు సాగినట్లే. కమిటీ పెద్దలు కొనబోయే పుస్తకాల పట్టికను ఈసారి నోటీసు బోర్డుపై ఉంచుతున్నాము. దానిలో ఏది మీకు అర్థమైనదో, ఏది కాలేదో నిర్భయంగా వచ్చి చెప్పండి. మీ మాట వినిన పిమ్మటనే మేము సంతకం చేస్తాము.